కోనసీమ బోర్లలో ఉప్పు: గ్యాస్ బావులదా, రొయ్యల చెరువులదా?

రాజోలు కొబ్బరి రైతు:
మా తాతగారి కాలంలో పదిహేను అడుగులు తవ్వితే కొబ్బరినీళ్లంత తియ్యని నీరు పడేది. ఇప్పుడు అదే పెరట్లో బోరు నీళ్లతో పప్పు ఉడకడం లేదు. తోటలో మొవ్వు రాలిపోయి తల లేని మొండి చెట్లు నిలబడి ఉన్నాయి. దీనికి మూలం గ్యాస్ బావులేనని నా నమ్మకం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా కాలి చనిపోయారు. ఇన్నేళ్లు నేల అడుగు నుంచి తోడేస్తే అది కుంగదా? కుంగితే సముద్రం లోపలికి రాదా?

అల్లవరం రొయ్యల రైతు:
అన్నగారూ, గ్యాస్ మాట మీరే అన్నారు కాబట్టి సంతోషం. మామూలుగా అందరి వేలూ మా చెరువుల వైపే చూపిస్తుంది. 2011లో మన కోనసీమ రైతులే సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు, గుర్తుందా? వరిలో అప్పులే మిగిలితే రొయ్య వేయక ఏం చేస్తాం? పైగా మేము వేసే వనామీ రకం రొయ్య తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది. మేము సముద్రాన్ని తెచ్చి చేలల్లో పోయడం లేదు.

మురుగు కాలువల శాఖలో పనిచేసి రిటైరైన అక్క:
తమ్ముడూ, వనామీకి తక్కువ ఉప్పు చాలన్నది నిజమే. ఆ కాస్త ఉప్పు కోసమే కదా మీలో చాలామంది ఉప్పునీరు తోడే బోర్లు వేసింది! డెల్టా ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద మీగడలా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని బరువుకు సముద్ర మట్టం కింద దాదాపు నలభై మీటర్ల దాకా ఉప్పునీరు పైకి రాకుండా ఆగుతుంది. పైన ఒక మీటరు తోడేస్తే కింద నలభై మీటర్ల కాపలా పోయినట్టే. మంచినీటి బోర్లు కూడా ఆ పాపంలో భాగమే, మా ఇంటిదీ అందులో ఉంది. చెరువులో నిలిచిన ఉప్పునీరు పక్క చేలోకి ఊరడం వేరే సంగతి. సాగు భూమిని రొయ్యల చెరువులుగా మార్చవద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది.

కొబ్బరి తమ్ముడూ, నేల కుంగుతుందన్న నీ భయాన్ని నేను కొట్టిపారేయను. గ్యాస్ తీసిన చోట నేల దిగడం లోకంలో చాలా చోట్ల కొలిచి చూసిన విషయం. కానీ ఆ గ్యాస్ ఉండేది కిలోమీటర్ల లోతున. నీ బోరు ఉప్పెక్కడానికి అదొక్కటే కారణమంటే ఒప్పుకోలేను. నది తెచ్చే ఒండ్రు పై ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. డెల్టా తన బరువుకు తాను ఏటా కొంత దిగుతుంది, పైన కొత్త మట్టి పడకపోతే ఆ లోటు తీరేది ఎలా? వీటికి తోడు మా కాలువలు. అవి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు వేసి మురుగు బయటకు పోదు, పోటు నీరు మాత్రం లోపలికి వస్తుంది. శంకరగుప్తం డ్రైన్ పక్కన చచ్చిన కొబ్బరి తోటలు చూసిన వాళ్లకు ఇది నేను చెప్పనక్కరలేదు. నా ఉద్యోగమంతా ఆ కాలువల మీదే గడిచింది, పూడిక తీయించమని రాసిన కాగితాలకు లెక్క లేదు.

రాజోలు కొబ్బరి రైతు:
అక్కా, బోర్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ గ్యాస్ బావి తవ్వకముందు మా ఊరి నేల ఎంత ఎత్తున ఉంది, ఇప్పుడెంత ఉంది, ఆ లెక్క గ్రామసభలో పెట్టమని అడగడం తప్పా?

అల్లవరం రొయ్యల రైతు:
తప్పు కాదు, నేనూ సంతకం పెడతాను. పనిలో పనిగా మా వైపు ఉప్పు బోర్లు ఎన్ని ఉన్నాయో కూడా లెక్క తీయమని రాయండి. నాది ఒకటి ఉంది.