వీఎస్ కోడ్: 12 బిల్డ్ టాస్కులు తీసేసి ఒకే స్క్రిప్టు పెట్టడం ఎలా?

పర్లాకిమిడి_ల్యాబ్
మా సీ భాష ల్యాబులో, వీఎస్ కోడ్ ఎడిటరుకు ఏ పని ఎలా నడపాలో చెప్పే టాస్క్స్ డాట్ జేసన్ ఫైలు నిండా 12 టాస్కులు, ప్రోగ్రాముకొకటి. ఒక్క ఫ్లాగు (కంపైలరుకిచ్చే ఆప్షన్) మార్చాలంటే 12 చోట్లా దిద్దాలి. తెరిచి ఉన్న ఫైలునే కంపైల్ చేసే బ్యాష్ (లినక్స్ కమాండ్ షెల్) స్క్రిప్టు రాశాం. ఉబుంటులో ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. విండోస్‌లో దిద్దిన కాపీ అయితే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’. ఫోల్డరు పేరు ‘మొదటి సెమ్’, మధ్యలో ఖాళీ ఉంది. అదేమైనా అడ్డమా?

బరంపురం_సీ
మాస్టారూ, ఈ రెండు ఎర్రర్లకూ కారణాలు వేరు.

మొదటిది, స్క్రిప్టుకు నడిచే అనుమతి లేదు. టాస్కు టైపు ‘ప్రాసెస్’ అని, కమాండ్ ‘బ్యాష్’ అని పెట్టి, ఆర్గ్స్‌లో స్క్రిప్టు దారి ఒకటి, ఫైల్ వేరియబుల్ (తెరిచి ఉన్న ఫైలు దారి) ఒకటి విడివిడిగా ఇవ్వండి. అప్పుడు ఆ అనుమతితో పనే లేదు, ఖాళీ ఉన్న పేరు కూడా ముక్కలవదు. స్క్రిప్టు లోపల మాత్రం డాలర్ ఒకటిని (స్క్రిప్టుకు అందిన ఫైలు దారిని) డబుల్ కోట్స్‌లో పెట్టాల్సిందే. అది మరిస్తే ‘మొదటి’ ఒక ఫైలు, ‘సెమ్’ ఇంకో ఫైలు అనుకుంటుంది.

రెండోది, వరస చివర సీఆర్ అక్షరం. విండోస్ వరస ముగింపు సీఆర్‌ఎల్‌ఎఫ్, లినక్స్‌ది ఎల్‌ఎఫ్ ఒక్కటే. కింద కుడిమూల సీఆర్‌ఎల్‌ఎఫ్ అని కనిపిస్తే నొక్కి ఎల్‌ఎఫ్ చేసి సేవ్ చేయండి. బ్యాష్‌తో పిలిచినంత మాత్రాన ఆ సీఆర్‌తో వచ్చే చిక్కు పోదు.

టాస్కులోని గ్రూపులో కైండ్ ‘బిల్డ్’, ఈజ్‌డిఫాల్ట్ ‘ట్రూ’ ఇస్తే కంట్రోల్ షిఫ్ట్ బీకి అదే నడుస్తుంది.

రాయగడ_టెర్మినల్
పై జవాబుకు కొసరు: స్క్రిప్టులో సీడీ (ఫోల్డరు మార్చే కమాండు) వాడకండి. జీసీసీ (సీ కంపైలరు) మీరిచ్చిన పేరునే ఎర్రర్లో తిరిగి రాస్తుంది. ఫోల్డరు మారి ఉత్త పేరు ఇస్తే, ప్రాబ్లమ్స్ ప్యానెల్లో నొక్కినా ఫైలు తెరుచుకోదు. పూర్తి దారే పంపండి. ఎర్రర్లను చదివి ఆ ప్యానెల్లో చూపే ప్రాబ్లమ్ మ్యాచర్‌గా డాలర్ జీసీసీ పెట్టండి. అది సీ/సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్‌తో వస్తుంది, ఆ ఎక్స్‌టెన్షన్ లేని మెషీన్‌లో దాన్ని గుర్తించదు.

మైనస్ ఎల్‌ఎం (గణిత లైబ్రరీని కలిపే ఫ్లాగు) జీసీసీ కమాండులో సోర్సు ఫైలు తరవాతే రావాలి. ముందు పెడితే ఉబుంటులో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూఆర్‌టీ’ అని లింకరు ఆగుతుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

పర్లాకిమిడి_ల్యాబ్
ఉబుంటులో నడిచింది, థాంక్సండీ. విండోస్‌లో గిట్ బ్యాష్ (గిట్‌తో వచ్చే బ్యాష్) ఉంది, జీసీసీ ఉంది, అయినా ‘జీసీసీ నాట్ ఫౌండ్’.

బరంపురం_సీ
డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) కూడా ఉందా? ఉంటే ‘బ్యాష్’ అనగానే సిస్టమ్32లోని దాని బ్యాష్ ముందు పలుకుతుంది, దానికి విండోస్ జీసీసీ కనపడదు. టాస్కులో ‘విండోస్’ అనే విడి భాగం రాసి, కమాండ్‌గా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో గిట్, బిన్ కింద ఉన్న బ్యాష్ డాట్ ఈఎక్స్‌ఈ పూర్తి దారి ఇవ్వండి. జేసన్‌లో వెనకగీత (బ్యాక్‌స్లాష్) రెండేసి సార్లు కొట్టాలి.