అంబోసెలి ఏనుగులకు, మసాయి పిల్లల చదువుకు విరాళం పంపడం ఎలా?

కెన్యాలోని అంబోసెలి జాతీయ వనం 392 చదరపు కిలోమీటర్లే. ఏనుగులు అందులోనే ఉండిపోవు, మేత కోసం పశువుల కాపరులైన మసాయి తెగవారి పచ్చిక భూముల్లోకి వెళ్తాయి. అక్కడ సింహం ఒక ఆవును చంపితే ఆ కాపరి కుటుంబానికి పెద్ద దెబ్బే. అందుకే 2010లో మొదలైన బిగ్ లైఫ్ ఫౌండేషన్ అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థ పశునష్టానికి పరిహారమిస్తూ, మసాయి పిల్లలకు ఉపకార వేతనాలూ ఇస్తోంది. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది. అడవి పక్కన బతికేవారి పిల్లలకు చదువు అందకపోతే, వాళ్లను సింహాలను కాపాడమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?

మా అమ్మ పేరున ఏటా కొంత పంపాలని ఉంది. మన దేశంలోని బ్యాంకు ఖాతా నుంచి విదేశీ సంస్థకు విరాళం పంపినవారు ఎవరైనా ఉన్నారా? బ్యాంకువారు ఏ కాగితాలు అడిగారు? సొమ్ము చదువుకే వాడాలని కోరవచ్చా? విరాళాలపై ఇచ్చే 80జి ఆదాయపు పన్ను రాయితీ రాదని తెలుసు, దాని గురించి చింత లేదు. నైరోబీలో ఉండే తెలుగువారు అక్కడి బడులను చూసి ఉంటే దయచేసి చెప్పండి.