టూలూజ్ దగ్గర ఏదన్న చిన్న ఊరు చెప్పుండ్రి, అమ్మానాయినతోని ఒక్కరోజు నిమ్మళంగ గడపాలె

హన్మకొండ చెల్లె:
అందరికి నమస్తే. మాది హన్మకొండ. మా తమ్ముడు ఫ్రాన్స్‌ల టూలూజ్‌ల జాబ్ చేస్తుండు, వచ్చే నెల అమ్మానాయినను తీస్కొని పోతున్న. వాడు పంపిన ప్లాన్‌ల పారిస్, లూర్ద్, కార్కసోన్, బార్సిలోనా అన్నీ ఉన్నయ్ గని ఊపిరి తీసుకునే రోజు ఒక్కటి గూడ లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాయినకు షుగర్, టైంకు తినకపోతే కండ్లు తిరుగుతయ్. కిందటేడు కాశీ పోయినప్పుడు గిట్లనే ఉరికిచ్చి ఉరికిచ్చి తిప్పితే మూడో రోజు అమ్మ మంచం మీదికెల్లి లేవలే, ఆమె మొఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అందుకే నడుమ ఒక్కరోజు లేటుగ లేసి, చిన్న ఊరికి పోయి, నాలుగడుగులేసి కూసోని, మళ్ల నాలుగడుగులేసి, పొద్దుగూకేవరకు ఇల్లు చేరాలని నా ఆశ. తమ్ముడేమో గంత దూరం వచ్చి కూసునుడేంది అక్కా, పైసలు దండుగ అంటుండు. ఖాళీ దొరికేది శనివారమే, ఆ రోజు అమ్మ నీసు ముట్టది. గట్ల పోయొచ్చినోళ్లు ఎవలన్న ఉంటే చెప్పుండ్రి.

కరీంనగర్ అన్న:
చెల్లె, ఇంకేం ఆలోచన చెయ్యకు, ఆల్బి పో. నేను టూలూజ్‌ల ఉన్నప్పుడు పాణం బాగలేనట్టు అనిపిస్తే ఆడికే పోయేటోన్ని. మాటబియో స్టేషన్‌ల రైలెక్కితే గంట సేపు. ఆల్బి విల్ అనే స్టేషన్‌ల దిగాలె, మాడ్లెన్ అని ఇంకోటి ఉంటది గని అది నది అవుతలి దిక్కు, అమ్మకు నడక ఎక్కువైతది. అక్కడికెల్లి పెద్ద చర్చి దాంక మెల్లగ నడిచినా ఇరవై నిమిషాలు.

ఆ చర్చి పేరు సెంత్ సెసిల్. దూరంకెల్లి చూస్తే చర్చి అనుకోరు, కోట అనుకుంటరు, మొత్తం ఇటుకలే, గంటల గోపురమే 78 మీటర్లు. ఆ ఇలాకల కాథర్లు అని క్రైస్తవంలనే వేరే దారి పట్టినోళ్లు ఉండేది, వాళ్లను యుద్ధం చేసి అణిచేసినంక బిషప్పులు తమ బలం కనపడాలని గట్ల కట్టిండ్రు. బయటికెల్లి గంత కరుకుగ ఉంటదా, లోపలికి అడుగు పెడితే నీలం, బంగారం రంగుల బొమ్మలతోని కప్పు మొత్తం నిండి ఉంటది, 1509 నుంచి 1512 దాంక ఇటలీ కళాకారులు వేసిండ్రు. అమ్మను కుర్చీల కూసోబెట్టు, వెనుకకు వాలి చూడమను, అరగంట ఎట్ల పోతదో తెల్వది. ఎండకాలం గూడ లోపల సల్లగ ఉంటది.

అండ్లకెల్లి బయటికొస్తే పక్కనే బెర్బీ ప్యాలెస్, ఎన్కట బిషప్పులు ఉన్న కోట. దాని తోటలకు టికెట్ లేదు. కింద తార్న్ నది, దాని మీద పాత బ్రిడ్జి, దాదాపు వెయ్యేండ్లది, అవుతలి ఒడ్డుకు ఎర్రటి ఇండ్లు, వాటి నీడ నీళ్లల్ల. మన భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుగూకంగ కూసుంటే మనసు ఎట్ల తేలికైతదో గట్లనే ఉంటది. నీకు రోజు మొత్తంల ఈ ఒక్క జాగ దొరికినా సాలు. తమ్మునికి చెప్పు, అమ్మ గోడ పక్కన కూసోని నది చూసే ఆ గంట, వాడు కొన్న టికెట్లన్నిటి కంటె ఎక్కువ యాదుంటది.

ఆన్నే సెంత్ సాల్వి అని ఇంకో పాత చర్చి ఉన్నది, దుకాణాల సందుల నుంచి లోపలికి పోతే చిన్న వాకిలి, సుట్టు అరుగు, నడుమ మొక్కలు. మన పాత ఇండ్ల మండువ యాదికొస్తది.

మెట్‌పల్లి అక్క:
తిండి గురించి చెప్త, ఇది పైలం. అక్కడ హోటళ్లల్ల పగటి తిండి 12 నుంచి 2 దాంకనే, తర్వాత వంటింట్ల పొయ్యి ఆర్పేస్తరు, మళ్ల రాత్రి 7 అయితేనే. మీ నాయినకు షుగర్ అంటున్నవ్, 12 గొట్టంగనే కూసోండ్రి, తిరిగి తిరిగి రెండున్నరకు పోతే ఏం దొరకది. సకినాలు, సర్వపిండి ముక్కలు సంచిల పెట్టుకో. ఇంకోటి, సలాడ్ అడిగినా అండ్ల లార్డోన్ అని సన్న సన్న పంది మాంసం ముక్కలు ఏస్తరు, దాన్ని వాళ్లు మాంసం కింద లెక్క చెయ్యరు, అమ్మ శనివారం అంటున్నవ్ గదా, "సాన్ వియాండ్, సాన్ లార్డోన్" అని, అంటే మాంసం లేకుంట, లార్డోన్ లేకుంట అని, రెండూ చెప్పు. లేకపోతే చర్చి దగ్గర్నే కప్పున్న మార్కెట్ ఉన్నది, శనివారం పొద్దున పోతే రొట్టె, జున్ను, పండ్లు కొనుక్కోని తోటల కూసోని తినుండ్రి, నాకైతే అదే మంచిగ అనిపిచ్చింది. గింబ్లెట్ అని గుండ్రటి బిస్కెట్లు అడుగు, చూస్తే చిన్న సకినం లెక్కనే ఉంటయ్. దుకాణంల అడుగు పెట్టంగనే బోంజూర్, అంటే నమస్తే, అనాలె, అనకుంట అడిగితే వాళ్లకు మనసు కష్టమైతది.

ములుగు సార్:
ఇటుకలంటే ఒక మాట చెప్తనమ్మా. ఆల్బి చర్చి పని మొదలైంది 1282ల. అప్పుడు మన ఓరుగల్లును ఏలుతున్నది రుద్రమదేవి. రామప్ప గుడి అంతకు ముందే 1213ల రేచర్ల రుద్రుడు కట్టిచ్చిండు, దాని శిఖరానికి నీళ్లల్ల తేలే ఇటుకలు వాడిండ్రు. వాళ్లు బరువు మీద బరువు పేర్చిండ్రు, మనోళ్లు బరువు తగ్గిచ్చిండ్రు. ఆల్బికి యునెస్కో గుర్తింపు 2010ల వచ్చింది, రామప్పకు 2021ల. మీ నాయినకు ఆ గోడల కింద నిలబడ్డప్పుడు ఇది చెప్పు, ఆయనకు ఆ ఊరు పరాయిది అనిపియ్యది. బెర్బీ ప్యాలెస్ లోపల తూలూజ్ లోత్రెక్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మల మ్యూజియం గూడ ఉన్నది, ఆయన 1864ల ఆల్బిలనే పుట్టిండు, చిన్నప్పుడు రెండు తొడ ఎముకలు విరిగి కాళ్లు పెరగలే, 36 ఏండ్లకే పోయిండు. ఆయన బొమ్మలను వాళ్లమ్మ ఆల్బి ఊరికి ఇస్తే 1922ల మ్యూజియం అయింది. మీ అమ్మకు ఓపిక ఉంటేనే పోండ్రి, మెట్లున్నయ్.

హన్మకొండ చెల్లె:
అన్నా, అక్కా, సార్, అందరికి దండాలు. రాత్రి ఇంట్ల సదివి వినిపిచ్చిన. నాయిన రుద్రమదేవి మాట ఇని రెండుసార్లు మళ్ల సదువుమన్నడు. తమ్మునికి గూడ ఫోన్ చేసి చెప్పిన, బార్సిలోనా ఒక రోజు తగ్గిస్త అన్నడు. మ్యూజియం వద్దు, తోటనే సాలు అనుకుంటున్నం. అమ్మ అప్పుడే సకినాలకు బియ్యం నానబెట్టింది, నాయిన ఏమో సాన్ వియాండ్ సాన్ లార్డోన్ అని కాయితం మీద తెలుగుల రాసుకోని అంగి జేబుల పెట్టుకున్నడు.