ఎయిడ్స్ రోగులను చూసుకునే వాలంటీర్లకు అండగా ఉండేదెలా?

నమస్కారం అండీ. మాది గుంటూరు జిల్లా. ఎయిడ్స్ ముదిరి మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, పుండ్లకు కట్టు కట్టడం, మాత్రలు వేళకు మింగించడం మా చిన్న బృందం పని. (గ్రామ వాలంటీర్లు అనుకునేరు, కాదు.) మందులు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్‌లో ఉచితమే. నా టెన్షనంతా మా వాలంటీర్ల గురించే.

నెలల తరబడి చూసుకున్న మనిషి పోతే ఆ బాధ ఇంట్లో చెప్పుకోలేరు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి వివరాలు బయటపెట్టకూడదు. చట్టం లేకపోయినా చెప్పకూడదనుకోండి. అన్నీ లోపలే కుక్కుకుని, ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తున్నారు. ఒకామెకైతే అత్తగారు కంచం వేరు పెట్టారు! కలిసి తింటే రాదని ఎంత చెప్పినా వినరు. రోగుల నుంచి టీబీ అంటుకునే భయం మాత్రం నిజమే, అందుకే దగ్గు ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు ఎన్-95 మాస్కు ఇస్తున్నాం.

మీలో ఎవరైనా ఇలాంటి బృందం నడిపారా? పేర్లు రాకుండా మనసు విప్పి మాట్లాడుకునే మీటింగులు పెట్టారా? వాటిని నేను నడపాలా, బయటి కౌన్సిలరా? నేనుంటే మొహమాటపడతారేమో. ఒక్కొక్కరికి ఎన్ని ఇళ్లు అప్పగిస్తే తట్టుకుంటారు? బస్సు ఛార్జీలు మించి ఇచ్చే స్తోమత మాకు లేదు, అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి.