కుష్ఠు వ్యాధిలో వైకల్యం కొలవడానికి గ్రేడ్ ఒక్కటి సరిపోతుందా?

కొత్త_ఫిజియో:
అందరికీ నమస్కారం. కుష్ఠు చికిత్స పూర్తయినవాళ్లకి చేతులు, పాదాలు ఎలా కాపాడుకోవాలో నేర్పించే కార్యక్రమం మొదలుపెడుతున్నాం. ఏడాది తర్వాత దానివల్ల మేలు జరిగిందో లేదో చూపించాలి. మా రికార్డుల్లో ఉన్నది డబ్ల్యూహెచ్‌ఓ గ్రేడ్ ఒక్కటే: 0, 1, 2. మొదట ఒకసారి, చివర ఒకసారి అదే రాస్తే చాలని పైవాళ్లు అంటున్నారు. నాకెందుకో చాలదనిపిస్తోంది కానీ ఎందుకు చాలదో గట్టిగా చెప్పలేకపోతున్నాను. పేషెంట్లని గంటల తరబడి కూర్చోబెట్టే ప్రశ్నలు మాత్రం వద్దు. మీరేం వాడుతున్నారు?

నరాల_పరీక్ష:
మీ అనుమానం కరెక్టేనండి. 0 అంటే స్పర్శ బాగుంది, కనిపించే వైకల్యం లేదు. 1 అంటే చెయ్యో పాదమో మొద్దుబారింది కానీ పైకి ఏమీ కనిపించదు. 2 అంటే కనిపించే నష్టం: పుండు, వంకరపోయిన వేళ్లు, పైకి లేపలేక వేలాడే పాదం, మూతపడని రెప్ప, 6 మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టలేనంతగా తగ్గిన చూపు. కొత్త కేసుల్లో ఎంతమంది 2తో వస్తున్నారో చూస్తే జబ్బుని ఎంత ఆలస్యంగా పట్టుకుంటున్నామో తెలుస్తుంది, ఆ పనికి అది చాలా మంచిది. ఒక మనిషిలో మార్పు చూడటానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే కళ్లు, చేతులు, పాదాలు అన్నిట్లోకీ పెద్ద అంకె ఒక్కటే మిగులుతుంది. చిటికెన వేలు ఒక్కటే వంగినవాళ్లూ 2నే, రెండు చేతులూ రెండు పాదాలూ చూపూ దెబ్బతిన్నవాళ్లూ 2నే.

కనీసం ఈహెచ్‌ఎఫ్ (ఐ-హ్యాండ్-ఫుట్, అంటే కన్ను-చెయ్యి-పాదం) స్కోరు రాయండి. రెండు కళ్లు, రెండు చేతులు, రెండు పాదాలకి విడివిడిగా గ్రేడ్ వేసి కూడటమే, గరిష్ఠం 12. పాదానికి ఉన్న ఒకే నష్టం పుండు అయితే, అది మానగానే ఆ పాదం 2 నుంచి 1కి దిగుతుంది, స్పర్శ తిరిగి రాకపోయినా సరే. అదే మనిషికి చేతివేలు కూడా వంగి ఉందనుకోండి, మొత్తం గ్రేడ్ 2లోనే ఉండిపోతుంది, మీరు పడ్డ కష్టం కాగితం మీదకి రాదు. అరిగిపోయిన వేళ్లున్న చెయ్యి ఎంత బాగా చూసుకున్నా 2 నుంచి కదలదు, అది ముందే పైవాళ్లకి చెప్పి పెట్టండి.

స్పర్శ పరీక్ష అందరూ ఒకేలా చెయ్యాలి. చేతికి 2 గ్రాముల మోనోఫిలమెంట్ (అంత బలానికి వంగే నైలాన్ పోగు), పాదానికి 10 గ్రాములది, అది వంగేదాకా నొక్కి తియ్యాలి, కాయ కాసిన చోట వద్దు. దొరక్కపోతే బాల్‌పెన్ వాడతారు. మొదట పెన్నుతో, చివర ఫిలమెంట్‌తో చేస్తే వచ్చిన తేడా మనిషిదో పరికరానిదో ఎవరికీ తెలీదు.

మందులు_పూర్తయ్యాయి:
నేను చికిత్స అయిపోయినవాడిని. రెండు చేతులూ మొద్దుబారాయి, చూస్తే ఏమీ తెలీదు, అంటే మీ లెక్కలో 1. వేడి గిన్నె పట్టుకుంటే బొబ్బ లేచాకే తెలుస్తుంది. కళ్లతో చూడకుండా చొక్కా గుండీ పెట్టుకోలేను, జేబులోంచి నాణెం తియ్యలేను. నాకు తెలిసినాయనకి వేళ్లు వంకర, గ్రేడ్ 2, కానీ కుట్టుమిషన్ మీద పని చేసుకుంటాడు. కాబట్టి వేళ్లు చూసి అంకె రాసుకుని వెళ్లిపోకండి, ఏ పని కష్టంగా ఉందో అడగండి. అది కూడా ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు. మా ఆవిడ అక్కడ కూర్చుంటే నేను అన్నీ చేసుకుంటానండి అనే చెబుతాను.

ఫీల్డ్_సర్వే:
పైన ఆయన చెప్పిన దానికోసమే సాల్సా స్కేలు ఉంది. రోజువారీ పనులు 20 అడుగుతారు, గుండీలు పెట్టడం, వేడివి ఒంపడం, సూదిలో దారం ఎక్కించడం, చెప్పుల్లేకుండా నడవడం లాంటివి. తేలికైతే 1, కొంచెం కష్టమైతే 2, చాలా కష్టమైతే 3, ఒంట్లో శక్తి లేక చెయ్యలేకపోతే 4, ప్రమాదమని మానుకున్నా 4, అసలు అవసరం లేకపోతే 0. అలవాటైతే పది నిమిషాల పని.

ఒక్క విషయం జాగ్రత్త. మీరు నేర్పించేదే ప్రమాదం తప్పించుకోవడం. మొద్దుబారిన పాదంతో చెప్పుల్లేకుండా హాయిగా నడిచే మనిషి మొదట తేలికే అని 1 ఇస్తాడు, మీ మాట విని మానేశాక అదే ప్రశ్నకి 4 వస్తుంది. మీ కార్యక్రమం బాగా పనిచేసినందుకే స్కోరు చెడినట్టు కనిపిస్తుంది! అందుకే ప్రమాదమని మానుకున్న జవాబుల్ని సాల్సాలో భద్రతా స్పృహ స్కోరుగా విడిగా లెక్కపెడతారు. రెండూ పక్కపక్కనే చూపించకపోతే ఆ నంబరుని తప్పుగా చదువుతారు, దయచేసి ఒక్కటే పంపకండి.

పని దొరకడం, పెళ్లిళ్లకి పిలవడం లాంటివి కావాలంటే పార్టిసిపేషన్ స్కేలు, 18 ప్రశ్నలు, తనలాంటి తోటివాళ్లతో పోల్చుకుని చెప్పమంటారు. 12 దాటితే అడ్డంకులు ఉన్నట్టు. చేతులు బాగున్నా ఇందులో చాలా ఎక్కువ వచ్చేవాళ్లుంటారు. బురులి అల్సర్ (బాక్టీరియా వల్ల చర్మం మీద పెద్ద పుండ్లు పడే వేరే జబ్బు) పేషెంట్లు వస్తే మాత్రం దానికి వేరే స్కోరుంది, 19 పనులతో, అక్కడ పుండు మానాక కీళ్లు బిగుసుకుపోవడం పెద్ద సమస్య.

కొత్త_ఫిజియో:
చెప్పుల సంగతి నాకు అస్సలు తట్టలేదు, థాంక్స్ అండీ. ఈహెచ్‌ఎఫ్, సాల్సా అందరికీ చేస్తాను, పార్టిసిపేషన్ స్కేలు కుదిరినంతమందికి. మధ్యలో రియాక్షన్ (కుష్ఠులో ఉన్నట్టుండి చర్మం, నరాలు వాచడం) వచ్చి కొత్తగా నరం దెబ్బతింటే వాళ్ల స్కోరు ఏం చెయ్యాలి?

నరాల_పరీక్ష:
స్కోరు తర్వాత. స్పర్శ తగ్గినా, కండ బలం తగ్గినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపండి. నష్టం మొదలై ఆరు నెలలు దాటకపోతే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందుతో తిరిగొచ్చే అవకాశం ఉంది. అందుకే స్పర్శ, కండ బలం పరీక్షలు ఏడాది చివర ఒక్కసారే కాకుండా మధ్యలోనూ చెయ్యండి. రిపోర్టులో వాళ్లని తీసెయ్యకుండా, రియాక్షన్ వచ్చినవాళ్లు అని విడి వరుసలో చూపించండి.