ప్రాజెక్టు టాపిక్: పసిబిడ్డల చర్మమా, మన టెన్షనా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం. పసిబిడ్డల చర్మం పరిశీలన, లేదా క్లాస్‌మేట్స్ ఒత్తిడి, రెండిట్లో ఒకటి రేపటికల్లా తేల్చమన్నారు మేడమ్. ఏది తేలిక?

జవాబు 1: చర్మమే తీసుకో చెల్లీ. పసిబిడ్డల చర్మం ఎలా ఉందో కొలవడానికి ఎన్‌ఎస్‌సీఎస్ అని స్కోరు ఉంది, పొడిబారడం, ఎర్రదనం, చర్మం చిట్లడం, ఒక్కోదానికి 1 నుంచి 3, మొత్తం 3 వస్తే బాగున్నట్టు, 9 అయితే బాగా దెబ్బతిన్నట్టు. కాకపోతే చామనఛాయ పిల్లల్లో ఎర్రదనం ఓ పట్టాన కనబడదు. నేను ట్యూబ్‌లైట్ కింద చూసి 1 వేసేశా, సిస్టర్ వచ్చి కిటికీ తెర తీస్తే మెడ ముడతల్లో అంతా ఎర్రగా ఉంది.

జవాబు 2: అందులో తల్లిదండ్రుల అంగీకారానికే సగం రోజులు పోతాయండీ. ఒత్తిడి టాపిక్‌కి డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే ప్రశ్నాపత్రం చూడండి, నేరుగా ఒత్తిడిని కాదు గానీ మనసు ఎంత హాయిగా ఉందో కొలుస్తుంది, గత రెండు వారాల మీద అయిదే ప్రశ్నలు, వచ్చిన మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి స్కోరు. ఎథిక్స్ అనుమతి దీనికీ కావాలి. పేర్లు మాత్రం రాయించకండి, మా బ్యాచ్‌లో రాయిస్తే, హాస్టల్లో రోజూ ఏడ్చే పిల్ల కూడా హాయిగా ఉన్నానని టిక్ పెట్టింది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అక్కా, చర్మమే ఫిక్స్. కానీ పగటి వెలుతురంటే ఎలా, నాకు పడింది నైట్ పోస్టింగ్!