హైదరాబాద్–డాలస్ పదిన్నర గంటల్లోనా? టికెట్ లెక్క తేలట్లేదు

పటమట: పొద్దున్నుంచి కుస్తీ పడుతున్నా. అమ్మానాన్న డాలస్ వెళ్తున్నారు. టికెట్ మీద శంషాబాద్‌లో తెల్లవారుజామున 4.30కి బయల్దేరి, అదే రోజు మధ్యాహ్నం 3.00కి దిగుతారని ఉంది. దూరం చూస్తే సుమారు 14,400 కి.మీ. గంటకు 900 వేసుకున్నా 16 గంటలు. యాప్ 22 గంటలంటోంది. ఏది నమ్మాలి? డైరెక్ట్ ఫ్లైటేనని ఏజెంట్ చెప్పాడు.

గన్నవరం: టైమ్ జోన్. ఏ నెల? ఎక్కడ ఆగుతుంది?

బ్రాడీపేట: ముందు ఆ 14,400 సంగతి. గ్లోబు మీద శంషాబాద్ నుంచి డాలస్‌కి దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది. ఆ దారం పొడవే మీరు చూసిన అంకె. గోడ మ్యాపు చూస్తే ఇది అర్థం కాదు. మధ్యలో దుబాయ్‌లో దిగితే 2,550, 12,950 కలిపి 15,500 అవుతుంది. పైగా 900 అనేది పైకెక్కి నిలకడగా పోయేటప్పటి వేగం. టికెట్ టైములో రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం అన్నీ ఉంటాయి. పడమరకి పోయేటప్పుడు ఎదురుగాలి కూడా తోడు. తిరుగు ప్రయాణంలో డాలస్–దుబాయ్ గంట పైనే తగ్గుతుంది.

గన్నవరం: నెల చెప్పండి.

పటమట: నవంబర్ 12. దుబాయే. అక్కడ 6.50కి దిగి 9.00కి ఎక్కాలి.

తాడేపల్లి: మరి డైరెక్ట్ అంటారేంటండీ? అది కనెక్టింగ్.

బ్రాడీపేట: డైరెక్ట్ అంటే ఒకే ఫ్లైట్ నంబరు, మధ్యలో ఆగొచ్చు కూడా. ఆగకుండా పోయేది నాన్‌స్టాప్. ఇది రెండూ కాదు.

తాడేపల్లి: జనం వాడుకలో రెండూ ఒకటేలెండి. చూడాల్సింది ఒకే పీఎన్ఆరా (బుకింగ్ నంబరు), రెండా అని. ఒకటైతే మామూలుగా బ్యాగులు డాలస్ దాకా వెళ్తాయి. ట్యాగ్ మీద డాలస్ ఎయిర్‌పోర్ట్ కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో శంషాబాద్ కౌంటర్ దగ్గరే చూసుకోమనండి.

గన్నవరం: టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, అక్కడి 6.50 మన 8.20. అక్కడిదాకా ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. అక్కడ ఆగేది 2 గంటల 10 నిమిషాలు. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పేస్తారు, అప్పట్నుంచి మార్చి రెండో ఆదివారం దాకా డాలస్ మనకన్నా 11.30 వెనక. మిగతా రోజుల్లో 10.30. అక్కడ 12న మధ్యాహ్నం 3 అంటే ఇక్కడ 13న తెల్లవారుజామున 2.30. మొత్తం 22 గంటలు. యాప్ కరెక్ట్.

పటమట: అయితే నాన్నగారి షుగర్ మందులు ఏ టైముకి వేసుకోవాలి? అసలు దానికోసమే అడిగా.

బ్రాడీపేట: ఆ మాట మొదటే చెప్పాల్సింది. పై లెక్క కాగితం మీద రాసి డాక్టర్‌గారికి చూపించండి, డోసు టైములు ఆయనే వేసిస్తారు. చేతి గడియారం డాలస్ దాకా మన టైములోనే ఉంచమనండి. మందులన్నీ చేతి బ్యాగులోనే. ఇన్సులిన్ ఉంటే చెకిన్ సామాన్లో అస్సలు పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు.

తాడేపల్లి: ఇంకోటి. 12న 4.30 అంటే 11 రాత్రి ప్రయాణం. 1.30కల్లా శంషాబాద్‌లో ఉండాలి. బెజవాడ నుంచి సూర్యాపేట మీదుగా ఐదు గంటలు, టీకి ఆగినా, ట్రాఫిక్ తగిలినా ఇంకో గంట. 11 సాయంత్రం ఏడు లోపే బెజవాడ దాటాలి.

పటమట: కారు 12 రాత్రికి మాట్లాడా! ఇప్పుడే మార్పిస్తున్నా. థాంక్సండీ.